తెచ్చినవాళ్ళు, వచ్చినవాళ్ళు: కౌన్సెలింగ్‌లో ఏ పద్ధతి ఎవరికి

కాణిపాకం గుడి నుంచి నేరుగా తిరుపతిలో మా ఆసుపత్రికే తీసుకొచ్చారు ఆయన్ని. నుదుట విభూతి, తడి ఆరని జుట్టు. వెంట భార్య, బావమరిది, మేనమామ. "స్వామి ముందర ప్రమాణం చేసినాడు మేడమ్. ఇంక తాగడు. మీరు గూడా రెండు మాటలు చెప్పండి" అంది భార్య. ఆయన నేలచూపులు చూస్తున్నాడు. వేళ్ళ చివర్లు సన్నగా వణుకుతున్నాయి. ఆఖరుసారి ఎప్పుడు తాగావన్నా అని అడిగితే "నిన్న మధ్యాన్నం" అన్నాడు.

నేనిక్కడ సోషల్ వర్కర్‌ని. ఆ రోజు నేను కౌన్సెలింగ్ ఏమీ చేయలేదు. ముందు డాక్టర్ దగ్గరికి పంపాను. ఏళ్ళ తరబడి రోజూ తాగుతున్న మనిషి ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత రెండు రోజుల్లో లేనివి కనిపించడం, మతి తప్పడం మొదలై ప్రాణం మీదికి రావచ్చు. ప్రమాణం చేయించిన మేనమామకు ఈ సంగతి తెలీదు పాపం.

మా దగ్గరికి ఏటా ఫీల్డ్‌వర్క్‌కి వచ్చే ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) పిల్లలు ఇలాంటి కేసు చూడగానే అడిగే ప్రశ్న ఒకటే. "అక్కా, దీనికి ఏ థెరపీ కరెక్టు?" సీబీటీ (ఆలోచనల మీద, అలవాట్ల మీద పనిచేసే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ) సర్టిఫికెట్ చేయాలా, ఫ్యామిలీ థెరపీ నేర్చుకోవాలా, శని ఆదివారాల ఆన్‌లైన్ వర్క్‌షాపులకు డబ్బులు కట్టాలా అని వాళ్ళ టెన్షన్. ఇది వాళ్ళ కోసం రాస్తున్నా. ఇంట్లో మనిషిని ఎవరి దగ్గరికి తీసుకెళ్ళాలో తెలీక తిరుగుతున్నవాళ్ళకూ కొంత పనికిరావచ్చు. ఇందులో కనిపించే ఒక్కో మనిషీ నిజానికి నలుగురైదుగురు. ఊర్లు మార్చాను, వయసులు మార్చాను.

ముందు చూసుకోవాల్సినవి

పద్ధతి పేరు కన్నా ముందు నేను చూసేవి రెండు. మార్పు ఎవరికి కావాలి? వీళ్ళు మళ్ళీ ఎన్నిసార్లు రాగలరు?

పుస్తకాల్లో క్లయింటు తనంతట తనే తలుపు తట్టి వస్తాడు. మన దగ్గర తీసుకొస్తారు. గదిలో నలుగురు కూర్చుంటే, వాళ్ళలో రావడం ఇష్టం లేని ఒకే ఒక్కరి పేరు మీద ఓపీ చీటీ ఉంటుంది. మిగతా ముగ్గురికి మార్పు కావాలి, ఆయనకు ఇంటికి పోవాలి. ఇది చూడకుండా ఏ థెరపీ మొదలుపెట్టినా తెచ్చినవాళ్ళ తరఫున వకాల్తా పుచ్చుకున్నట్టే.

ఇక రెండోది. కుప్పం వైపు నుంచో, పలమనేరు పక్క పల్లె నుంచో వచ్చేవాళ్ళు రెండు బస్సులు మారాలి, ఒక రోజు కూలి పోగొట్టుకోవాలి. చిత్తూరు దిక్కు వాళ్ళయితే సగం మంది ఇటు తిరుపతికి రాకుండా దగ్గరని వేలూరు పోతారు. వారానికొకసారి చొప్పున 12 వారాలు రమ్మంటే తలూపుతారు, రారు. అందుకే ఎవరొచ్చినా ఇదే ఆఖరుసారి కావచ్చు అనుకునే కూర్చుంటాను.

ఇంకో చిన్న గందరగోళం తీర్చుకుందాం. థియరీ, థెరపీ ఒకటి కావు. కేసును ఏ కంటితో చూస్తామో అది థియరీ, గదిలో ఏం చేస్తామో అది థెరపీ. మేరీ రిచ్‌మండ్ 1917లో 'సోషల్ డయాగ్నోసిస్' రాసినప్పటి నుంచీ మన వృత్తిలో మనిషిని అతని పరిసరాలతో కలిపే చూడాలన్నది పాఠం. బ్రాన్‌ఫెన్‌బ్రెన్నర్ అనే మనస్తత్వవేత్త 1979లో దాన్నే ఇల్లు, బడి, తండ్రి పని చేసే చోటు, ఊరి కట్టుబాటు అని చుట్లుగా గీసి చూపించాడు. నీట్ కోచింగ్ హాస్టల్లో నిద్రపట్టని కుర్రాడు ఉన్నాడనుకోండి. ఆలోచనలు మాత్రమే చూస్తే అది పరీక్ష భయం. చుట్లు గీసి చూస్తే, తోతాపురి మామిడి ధర పడిపోయిన ఏడాది నాన్న తోట కాగితాలు తాకట్టు పెట్టి ఫీజు కట్టిన సంగతి బయటపడుతుంది. భయం తగ్గించవచ్చు, అప్పు తగ్గించలేం. కనీసం ఆ అప్పు ఉందని తెలిసి మాట్లాడతాం.

ప్రమాణమా, మోటివేషనల్ ఇంటర్వ్యూయింగా

మందు మానిపించడంలో మన వైపు పెద్ద పోటీదారు కాణిపాకం వినాయకుడే. నవ్వులాటకు అనడం లేదు. ప్రమాణానికి బలం ఉంది. నలుగురి ముందర ఇచ్చిన మాట, దేవుడి భయం. అన్నిటికన్నా పెద్ద లాభం ఇంకోటి ఉంది. సాయంత్రం స్నేహితులు పిలిస్తే "ప్రమాణం చేసినా మామా" అంటే చాలు, ఇంకెవరూ బలవంతం చేయరు. తాగనని చెప్పడానికి ఇంత మర్యాదైన సాకు ఏ థెరపీ ఇవ్వలేదు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, ఒక్కరోజు తప్పితే మొత్తం పోయినట్టే. తప్పినవాడు ఇంట్లో చెప్పడు, మా దగ్గరికీ రాడు. ఎట్లాగూ పాపం అంటుకుంది కదా అని రెండింతలు తాగుతాడు.

మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్, మేం పొట్టిగా ఎంఐ అంటాం, తాగుడు కేసుల్లోంచే పుట్టింది. విలియం మిల్లర్ 1983లో మొదట రాశాడు, తర్వాత రోల్నిక్‌తో కలిసి 1991లో పుస్తకంగా తెచ్చాడు. దీని లెక్క ప్రకారం తాగే మనిషిలో మానాలనే మనసూ, మానకూడదనే మనసూ రెండూ ఉంటాయి. మనం మానెయ్యమని వాదిస్తే అతను రెండోదాని తరఫున వాదిస్తాడు. కాబట్టి మానడానికి కారణాలు అతని నోటే రావాలి.

పైన చెప్పిన ఆయన వారం తర్వాత వణుకు తగ్గాక వచ్చాడు. భార్యను బయట కూర్చోబెట్టాను.

"సున్నా నుంచి పది దాకా లెక్క పెడదామన్నా. మందు మానడం నీకెంత ముఖ్యం?"

"నాలుగు."

కొత్తగా చేరినవాళ్ళు ఇక్కడే తప్పు చేస్తారు. "నాలుగేనా?" అంటారు. అన్నామా, ఆయన తన నాలుగును సమర్థించుకోవడం మొదలుపెడతాడు. తిరగేసి అడగాలి.

"రెండని ఎందుకు చెప్పలేదు? నాలుగు దాకా ఎందుకొచ్చినావు?"

చాలాసేపు మాట్లాడలేదు. బొటనవేలితో ఓపీ చీటీ అంచు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాడు. తర్వాత అన్నాడు: "పాప నా పక్కన పండుకోదు మేడమ్. వాసనంట."

మొదటిరోజు మేనమామ వాళ్ళు చెప్పినవన్నీ ఒకెత్తు, ఈ ఒక్క మాట ఒకెత్తు.

నా సలహా ఏమిటంటే ప్రమాణాన్ని వెక్కిరించొద్దు, దానితో పోటీ పడొద్దు. "స్వామికి మాటిచ్చినావు సరే, నువ్వెందుకు ఇచ్చినావు?" అని అడగండి. "ఒకరోజు తప్పితే ఆ రాత్రి ఏం చేస్తావు, ఎవరికి ఫోన్ చేస్తావు?" అని కూడా. ప్రమాణం దగ్గర లేని జవాబు అదొక్కటే. ఇంకో మంచి విషయం, ఎంఐకి ఎక్కువ సిట్టింగులు అక్కర్లేదు. గోవాలో సంగత్ అనే మానసిక ఆరోగ్య సంస్థ ఈ రంగంలో చదువు లేని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి తాగుడుకు ఎంఐ ఆధారంగా గరిష్ఠంగా 4 సిట్టింగులతో కౌన్సెలింగ్ చేయించింది. ఆ ఫలితాలు 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. రెండు బస్సులు మారే మన జనానికి సరిపోయే లెక్క.

ఇది ఎవరికి పనికిరాదంటే, ఇప్పటికే మానేయాలని తేల్చుకుని వచ్చినవాడికి. అలాంటివాడిని మళ్ళీ ఎందుకు మానాలి అని అడిగితే విసుగొస్తుంది. ఎలా మానాలో చెప్పండి, పంపండి.

సీబీటీ: 'అనిపించడం'తో వచ్చే తంటా

అందరికీ తెలిసిన పేరు ఇదే. అమెరికాలో ఆరన్ బెక్ 1960లలో రూపుదిద్దాడు. మనసులో తిరిగే మాట, దానివల్ల కలిగే బాధ, దానివల్ల చేసే పని, ఈ మూడూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయని చెబుతుంది. పానిక్‌కి, పరీక్ష టెన్షన్‌కి, మధ్యస్థంగా ఉన్న డిప్రెషన్‌కి బాగా పనిచేస్తుంది. చేతులు పదేపదే కడుక్కునే ఓసీడీకి ఇందులోనే ఉన్న ఎక్స్‌పోజర్ (భయపెట్టేదాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కోవడం) పద్ధతికి మించింది మాట్లాడే వైద్యాల్లో నేను చూడలేదు. సాధారణంగా 12 నుంచి 16 సిట్టింగులు, ఇంటి దగ్గర చేయాల్సిన హోంవర్క్. రాయగలిగి, వారం వారం రాగలిగినవాళ్ళకు మొదట ఇదే చెబుతాను. తిరుపతి హాస్టళ్ళ పిల్లలకు సరిగ్గా సరిపోతుంది. ఊర్లోనే ఉంటారు, నోట్సు రాయడం వాళ్ళకు అలవాటే.

తెలుగులో చేసేటప్పుడు ఒక ఇబ్బంది ఉంది. దాన్ని ఏ వర్క్‌షాపులోనూ చెప్పలేదు. సీబీటీ కాగితంలో ఆలోచనకు ఒక గడి, భావానికి ఇంకో గడి ఉంటాయి. మనవాళ్ళు రెంటికీ ఒకే మాట వాడతారు, 'అనిపిస్తోంది'. "ఫెయిలైపోతానని అనిపిస్తోంది" అంటే ఆలోచన. "ఏడవాలనిపిస్తోంది" అంటే బాధ. మొదట్లో నేను ఆ రెండు గడులు పట్టుకుని అరగంట క్లాసు పీకేదాన్ని. పిల్లలు బుద్ధిగా తలూపి, మరుసటి వారం రెండు గడుల్లోనూ ఒకే వాక్యం రాసుకొచ్చేవాళ్ళు. ఇప్పుడు గడుల పేర్లే మార్చేశాను. ఒకటి "మనసులో ఏ మాట తిరిగింది?" రెండోది "ఒంట్లో ఎక్కడ తెలిసింది?" గుండె దడ, కడుపులో దేవినట్టు, తల దిమ్ము, అరికాళ్ళ మంట. ఈ రెండో గడి అయితే మూడో తరగతి చదివిన అవ్వ కూడా గడగడా చెబుతుంది.

చదువు రానివాళ్ళకు సీబీటీ కుదరదని కొట్టిపారేయకండి. అందులోని బిహేవియరల్ యాక్టివేషన్ అనే ముక్కకు కాగితమే అక్కర్లేదు. దిగులుతో పడుకున్న మనిషి ఏ పనులు మానేసిందో చూసి, ఒక్కొక్కటీ చిన్నగా మళ్ళీ మొదలుపెట్టించడమే. ముందు ముగ్గు, రెండు రోజుల తర్వాత పాలకేంద్రం దాకా నడక. మనసు బాగయ్యాక పని కాదు, పని మొదలయ్యాక మనసు మెల్లగా వెంట వస్తుంది. సంగత్ వాళ్ళు డిప్రెషన్‌కు గోవాలో వాడింది కూడా ఇదే, 6 నుంచి 8 సిట్టింగులు.

రెండే సిట్టింగులు ఉంటే

సొల్యూషన్ ఫోకస్డ్ పద్ధతిని మిల్వాకీలో ఇన్‌సూ కిమ్ బెర్గ్, స్టీవ్ డి షేజర్ తయారు చేశారు. ఇద్దరూ సోషల్ వర్కర్లే, అదొక గర్వం మనకు. సమస్య ఎందుకొచ్చిందని తవ్వకుండా, సమస్య లేని రోజులు ఎట్లా గడిచాయో అడుగుతారు. అత్తాకోడళ్ళ తగాదా, మాట వినని పిల్లాడు, ఇలాంటివాటికి రెండు మూడు సిట్టింగుల్లో కదలిక వస్తుంది.

ఇందులో పేరున్న ప్రశ్న ఒకటుంది. రాత్రి మీరు పడుకున్నాక అద్భుతం జరిగి సమస్య పోయిందనుకోండి, పొద్దున లేవగానే ఏం తేడా కనిపిస్తుంది? తిరుపతిలో ఈ ప్రశ్న వేసి చూడండి. చంద్రగిరి నుంచి వచ్చిన ఒకావిడ చేతులు జోడించి, "అట్లా జరిగితే శ్రీవారి మెట్టు మీద మోకాళ్ళతో ఎక్కుతాను మేడమ్" అంది. నేను అడిగింది కోడలి గురించి, ఆమె మొక్కుకుంది దేవుడికి. అప్పటి నుంచి అద్భుతాన్ని తీసేశాను. "తెల్లారి నిన్ను చూసి, ఈమెకు కొంచెం నయమైందే అని మొదట ఎవరు కనిపెడతారు? ఏం చూసి?" అని అడుగుతున్నా. "మనవడు. కసరకుండా కాఫీ ఇస్తే" అన్నది. అంతే, ఆ వారానికి అదే పని.

దీనికి అన్నలాంటిది టాస్క్ సెంటర్డ్ పద్ధతి. రీడ్, ఎప్‌స్టీన్ 1972లో రాశారు. ఇదీ సోషల్ వర్క్‌లోనే పుట్టింది. క్లయింటే ఒప్పుకున్న ఒకటి రెండు సమస్యలు, వాటికి గడువు పెట్టుకున్న చిన్న పనులు. వర్క్‌షాపుల్లో దీనికి గ్లామర్ లేదు, ఎవరూ ఫీజు కట్టి నేర్చుకోరు. నేను మాత్రం రోజూ వాడేది ఇదే. భర్తకు పదేళ్ళుగా స్కిజోఫ్రీనియా ఉన్న ఆవిడకు కావలసింది ఆలోచనలు మార్చుకోవడం కాదు, భర్త పేరున సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్. మానసిక వ్యాధి కూడా 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉందని, 40 శాతం దాటితే పింఛనుకు దారి ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పాత చీటీలు ఒక కవర్లో పెట్టుకోవడం ఈ వారం పని, సచివాలయంలో స్లాట్ అడగడం వచ్చే వారం పని. మూడో నెలకు ఆమె నిద్ర మాత్ర మానేసింది.

ఇంటి మనుషులతో పని

స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటివాటిలో మందులదే మొదటి చోటు. మన పని ఎక్కువగా ఇంటివాళ్ళతో. లండన్‌లో జార్జ్ బ్రౌన్ 1950ల చివర్లో, 60లలో గమనించిందేమిటంటే, సూటిపోటి మాటలు, శత్రుత్వం, లేదా ఊపిరాడనివ్వని అతి జాగ్రత్త ఉన్న ఇళ్ళకు తిరిగెళ్ళిన రోగులకు జబ్బు ఎక్కువగా తిరగబెడుతోంది. "తిని కూర్చుంటాడు మేడమ్, సోమరిపోతు" అని తండ్రి అన్నప్పుడు, లేవలేకపోవడం కూడా ఆ జబ్బులో భాగమేనని అర్థమయ్యేట్టు చెప్పడమే సగం చికిత్స. దానికి ఫ్యామిలీ సైకోఎడ్యుకేషన్ అని పెద్ద పేరు. ఫ్యామిలీ థెరపీ వేరే. అది ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది, ఎవరు ఎవరితో జట్టు కట్టారు అన్నదాన్నే కదిలిస్తుంది. ఒక ఏడాది అనుభవంతో దాని జోలికి పోవద్దు. సైకోఎడ్యుకేషన్ మాత్రం మొదటి నెల నుంచే చేయవచ్చు. గాలి సోకిందని, చేతబడి అని అన్నా వాదించకండి. గంగమ్మకు పొంగళ్ళు పెట్టుకోండి, మాత్ర మాత్రం ఆపకండి అంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

మనసు అడుగున దాగిన కారణాలు వెతికే సైకోడైనమిక్ పద్ధతి గురించి రెండే మాటలు. చదవండి, ఎందుకంటే క్లయింటు మీ మీద ఎందుకు కోప్పడుతున్నాడో, మీకు ఒక కేసంటే ఎందుకు చిరాకో అది చెబుతుంది. సీనియర్ పక్కన లేకుండా చేయకండి.

గదిలో విన్నది ఎవరికి చెప్పాలి

థెరపీ తప్పు ఎంచుకుంటే మార్చుకోవచ్చు. ఇక్కడ తప్పితే మనిషే పోతారు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం గోప్యత రోగి హక్కు. తీసుకొచ్చిన మేనమామకు అన్నీ తెలుసుకునే హక్కు లేదు. రోగి నియమించుకున్న ప్రతినిధికి చెప్పవచ్చు, అది కూడా అతని బాధ్యతకు అవసరమైనంత వరకే. ఇంకొకరికి హాని జరగబోతోందన్నప్పుడు, కోర్టు అడిగినప్పుడు లాంటి మినహాయింపులు ఉన్నాయి. ఈ మినహాయింపులు మొదటి ఐదు నిమిషాల్లోనే చెప్పేయాలి, క్లయింటు నోరు విప్పాక కాదు. ఇది నేను నేర్చుకున్నది పాఠం చదివి కాదు. వెనకటికి నేను పనిచేసిన ఒక చోట, పదహారేళ్ళ పాప గంటసేపు ఏడ్చి ఒక బంధువు సంగతి చెప్పి, "ఎవురికీ చెప్పొద్దక్కా" అంది. నేను ముందుగా హెచ్చరించలేదు. 2012 పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల) చట్టం 19వ సెక్షన్ కింద 18 ఏళ్ళలోపు పిల్లల విషయంలో పోలీసులకు చెప్పకపోవడమనే దారే లేదు. చెప్పాం. చెప్పడం సరైన పనే. కానీ ఆ పాప నా మొహం చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ రోజు నుంచి ఎవరొచ్చినా, మందు కేసైనా సరే, మొదట అదే చెబుతాను.

చచ్చిపోవాలని ఉందా అని సూటిగా అడగడానికి జంకొద్దు. అడిగితే ఆలోచన పుట్టదు. ఉందని అంటే ఆ పూట థెరపీలన్నీ పక్కన పెట్టి, మనిషి ఒంటరిగా ఉండకుండా, ప్రమాదకరమైనవి చేతికందకుండా చూడటం, డాక్టర్‌కు చూపించడం ముందు. రాత్రిళ్ళు ఎవరూ దొరక్కపోతే ప్రభుత్వ మానసిక సహాయ లైన్ టెలీమానస్ 14416 తెలుగులో పలుకుతుంది.

మన ఊరికి ప్రత్యేకమైనవి రెండున్నాయి. ఒకటి, ఇల్లు వదిలి కొండకొచ్చి, బస్టాండు దగ్గర తిరుగుతూ దొరికే మనుషులు. పోలీసులు వాళ్ళను 24 గంటల్లోపు ప్రభుత్వాసుపత్రికి చేర్చాలని ఆ 2017 చట్టమే 100వ సెక్షన్‌లో చెబుతుంది. అక్కడ థెరపీ కాదు కావలసింది, వాళ్ళ భాష తెలిసిన ఒక మనిషి. రెండోది బహుమానాలు. నయమై వెళ్ళేవాళ్ళు లడ్డూ తెస్తే నేను తీసుకుంటాను. అక్కడే విరిచి వార్డులో అందరికీ పెడతాను. ప్రసాదం వద్దంటే వాళ్ళకు నొప్పి. "మావాడొకడు కొండ మీద ఉండాడు, మీకు దర్శనం చేయిస్తాను మేడమ్" అంటే మాత్రం వద్దు. లడ్డూ వార్డులోనే అయిపోతుంది, దర్శనం బాకీ ఉండిపోతుంది.

ఏది ముందు నేర్చుకోవాలి

నన్నడిగితే మొదటి ఏడాది కార్ల్ రోజర్స్ చెప్పినట్టు తీర్పు చెప్పకుండా మనసుపెట్టి వినడం, ఎంఐ, టాస్క్ సెంటర్డ్. ఈ మూడింటితో ఓపీలో వచ్చే కేసుల్లో చాలావరకు నెట్టుకురావచ్చు. రెండో ఏడాది సీబీటీ, అందులోనూ బిహేవియరల్ యాక్టివేషన్ ముందు. ఇంటివాళ్ళతో పని ఎప్పుడూ పక్కనే సాగాలి. సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అని బోర్డు పెట్టుకోవాలంటే మాత్రం 2017 చట్టం ఎంఎస్‌డబ్ల్యూ మీద రెండేళ్ళ ఎంఫిల్ అడుగుతుంది. రెండు రోజుల సర్టిఫికెట్ పట్టుకుని సైకోథెరపిస్ట్ అని రాయించుకునేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

కోర్సుకు డబ్బు కట్టే ముందు చెప్పేవాళ్ళను ఒక్కటి అడగండి. నేను చేసిన సెషన్, క్లయింటు ఒప్పుకుంటే, మీరు విని ఎక్కడ తప్పానో చెబుతారా? చెబుతామంటే బెంగళూరు దాకా పోయైనా చేరండి. స్లైడ్లు పంపిస్తాం, సర్టిఫికెట్ మెయిల్‌లో వస్తుంది అంటే, ఆ డబ్బుతో నెల రోజులు ఏదో ఒక ఓపీలో సీనియర్ పక్కన స్టూలేసుకుని కూర్చోండి.